పాలు లేని జీవికి కాపరి యెవడు?

పండ్రెండేండ్లు డాలసు పరిసరములలో ఉద్యోగము వెలగబెట్టి, ఇక చాలునని మూటముల్లె సర్దుకొని, మా మేనల్లుడు నిరుడు సకుటుంబముగ స్వదేశమునకు మరలివచ్చినపుడు, ఎదుర్కోలునకై నల్లగొండనుండి శంషాబాదు విమానాశ్రయమునకు బంతిపూల దండతో పోయిన మేము, అందఱికంటె ముందుగ జనమును త్రోసికొనివచ్చి మా మీదికి ఉరికిన వాని మెడలో దండ వేసితిమి. వేసిన పిదప చూచుకొనగా అది కుక్క. పసుపువన్నె లాబ్రడారు. దండ దానికి చక్కగ సరిపోయెను. వేసిన దండ తీయుట మర్యాద గాదని అట్లే యుంచితిమి. మేనల్లునికి వేఱొక దండ లేకపోయెను, అతడును అడుగలేదు.

ఆ ప్రాణి నామధేయము కూపర్. దానితో వచ్చిన కాయితముల కట్ట నా చేతికిచ్చి జాగ్రత్తగ పట్టుకొమ్మని మేనల్లుడు చెప్పగా, త్రోవ పొడుగున కారులో నేను దానిని పఠించితిని. మెడ చర్మము క్రింద బియ్యపుగింజంత చిప్పు, ఆ చిప్పునకు సంఖ్య, ఆ సంఖ్యతో పిచ్చికుక్క వ్యాధి టీకా పత్రము, అమెరికా ప్రభుత్వముద్రతో ఆరోగ్యపత్రము, ఆ రెంటిని పరిశీలించి మన జంతు క్వారంటైను కార్యాలయమువా రిచ్చిన నిరభ్యంతర పత్రము, పరదేశమున రెండేండ్లకు పైబడి యుండి నివాసము మార్చుకొని వచ్చువారు తమ వెంట రెండు పెంపుడు జీవములను తెచ్చుకొనవచ్చునను నియమమును అనుసరించి యజమాని చేసిన ప్రమాణము, అన్నియు యథావిధిగ నుండెను. నా సంగతి చూడుడు: నా జన్మదినమేదో మా తల్లిగారికి సైతము తెలియదు; వానలు పడిన యేడు, జొన్న కోతలకు ముందు అనుటయే ఆమె యెఱిగినది; బడిలో చేర్చుకొన్న నాడు హెడ్మాస్టరుగారు తనకు తోచిన తేదీ వేసిరి, నేటికిని నా పింఛను దానిమీదనే నడచుచున్నది. పుట్టిన దినము, వారము, బరువు, పుట్టిన చోటు, తల్లిదండ్రుల వంశము, ఇన్ని వివరములు లిఖితపూర్వకముగ గలిగిన వ్యక్తి మా వంశమున కూపరే మొదటివాడు.

మా జిల్లా నీటిని గూర్చి లోకమునకు నేను చెప్పవలసిన పని లేదు. పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపు ఉపాయమును నాగపూరు శాస్త్రజ్ఞులు కనిపెట్టినపుడు దానికి నల్లగొండ పద్ధతి యని పేరు పెట్టుటచేత, మా ఊరు ఆఫ్రికా ఖండమందలి గ్రంథములకు సైతము ఎక్కినది. ఒక ఊరికి ప్రఖ్యాతి ఇట్లును వచ్చును. ఆ నీరు త్రాగి నడుములు వంగిన తరము ఒకటి ఇంకను మా వీధి అరుగుల మీద కూర్చుండి యుండగా, వారి కన్నుల ముందునుండియే కూపర్ నిమిత్తము ఇరువది లీటర్ల మంచినీటి డబ్బాలు ఇంటిలోనికి పోవుచుండెను. అరుగుమీది వృద్ధులు అసూయపడలేదు. ఒకాయన మాత్రము, "ఆ కుక్క పండ్లు చూసిన్రా, ఎంత తెల్లగున్నయో" అని మెచ్చుకొనెను.

ఎనిమిది మాసములు సుఖముగ గడచెను. అంతట, వదలివచ్చిన కంపెనీవారే మఱల రమ్మని పిలిచిరి. మనవాడు పోకుండునా? వీసా యుండెను, టికెట్లు దొరకెను, పిల్లకు బడి దొరకెను. దొరకనిది కూపర్ ప్రవేశము. 2024 ఆగస్టు 1 నుండి అమెరికావారు శునకప్రవేశ నిబంధనలను బిగించిరి; పిచ్చికుక్క వ్యాధి ఎక్కువగ నున్న దేశముల పట్టీలో మన దేశము గలదు. అక్కడ టీకా వేయించిన కుక్క యైనచో, అది దేశము వదలకమునుపే అక్కడి అధికారులచేత ఒక పత్రము పట్టియుండవలెను. మనవాడు పట్టలేదు, తిరిగి పోవుటకై వచ్చినవాడైనచో పట్టియుండును, తిరిగి పోనని ఒట్టు పెట్టుకొని వచ్చినవాడేల పట్టును? ఇక మిగిలిన మార్గము, ఇక్కడ వేయించిన టీకాతో పోవుట. దానికి రక్తము తీసి, వారు ఆమోదించిన ప్రయోగశాలకు పంపి, ప్రయాణమునకు ఇరువదియెనిమిది దినములైన ముందు తీసిన నెత్తురని చూపవలెను. చూపలేనిచో అంతకాలము అక్కడ నిర్బంధములో నుంచవలెను. ఎట్లును, తగిన విడిది గల విమానాశ్రయముననే దిగవలెను, ఆ విడిదిలో గది ముందుగ మాటాడుకొనవలెను. నాగార్జునసాగరమునకు 1955లో పునాదిరాయి వేసిననాడు మా ప్రాంతపు కూలి తట్టలు మోయుటకు పోయి చెట్టుక్రింద వండుకొని తినెనేగాని, అతనికెవడును గది మాటాడియుంచలేదు. అయినను నేను కూపరును తప్పు పట్టను. అడిగి పెట్టించుకొన్నవాడు వాడు కాడు.

సారాంశమేమనగా, మనుష్యులు ముందు పోవలెను, కుక్క ఆఱుమాసముల పిదప పోవలెను. ఈ మధ్యకాలమున దానిని "నమ్మకమైన" చోట నుంచవలెను. ఆ విశేషణమును మేనల్లుడు పలికినపుడెల్ల నా వైపు చూచుచుండెను. నేను మా యావిడ వైపు చూచితిని. ఆవిడ తులసికోట వైపు చూచెను. మడి, ఆచారము, మోకాళ్ళనొప్పులు, ఈ మూడింటిలో నే యొక్కటి చాలియుండెడిది. ఆవిడ మూడును చెప్పెను. మా అక్కగారు, అనగా మేనల్లుని కన్నతల్లి, కొడుకు మాట కాదనలేనిదై ఒప్పుకొనెను గాని, ఆమెకు అప్పగించిన నాలుగు పుటల ఉపదేశపత్రమును నేను చదివి వినిపింపగా, ఉదయము 6 గంటలకు నడక, 7 గంటలకు కొలిచిన ఆహారము, 11 గంటలకు ఆట, సాయము మఱల నడక, రాత్రి పండుకొనుటకు ముందు ఐదు నిముసములు మాటాడవలెను అను చోటికి వచ్చుసరికి, "తమ్ముడూ, ఏం మాట్లాడాలె దానితోటి? నాతోటే ఎవరూ మాట్లాడరు" అని కంటనీరు పెట్టుకొనెను. ఆ పుట అంతటితో మూసితిమి.

పిమ్మట హైదరాబాదులో ఒక హాస్టలు దొరకెను. దాని పేరు చెప్పను. శునకములకు చల్లని గదులు, ఈదుకొలను, గోడకు కెమెరా, దినమునకొక ఫోటో. డాలసునకును మనకును చలికాలమున పదకొండున్నర గంటల తేడా యుండుటచేత, మేనల్లుడు అక్కడ నిద్ర మానుకొని అర్ధరాత్రివేళ ఇక్కడి కూపర్ మధ్యాహ్నభోజనమును చూచుచుండెను. మూడవ వారమున అతని యిల్లాలికి అనుమానము తోచినది: దినదినము వచ్చు ఫోటోలో కూపర్ ఒకే భంగిమలో, ఒకే నీడలో, నాలుక ఎడమవైపునకే వ్రేలవేసి యుండెను. ఇంకను నిదానించి చూడగా మెడపట్టీ రంగు మాఱినది. మఱియు నిదానింపగా చెవి మాఱినది. ఆ ఫోటోలోనిది మఱియొకరి లాబ్రడారు. దాని యజమాని ఏ మెల్బోర్నులోనో కూర్చుండి, మా కూపర్ ఫోటో చూచి తనదనుకొని ముఱియుచున్నాడేమో తెలియదు. నేను పోయి అసలు కూపరును విడిపించి తెచ్చితిని. వాడు బాగుగనే యుండెను. కాకపోతే కెమెరా కనుపించినంతనే బొమ్మవలె కదలక నిలుచుట నేర్చుకొనియుండెను.

ఈ సందర్భమున నాకు ధర్మరాజు జ్ఞప్తికి వచ్చెను. ప్రయాణ సమయమున శునకమును గూర్చి చిక్కు వచ్చిన యాత్రికులలో ఆయనయే ఆద్యుడు. తమ్ములు రాలిరి, ఇల్లాలు రాలినది, వెనుదిరిగి చూడని మహానుభావుడు విమానము ముందర మాత్రము ఆగిపోయెను. కుక్కలు గలవారికి స్వర్గమున చోటు లేదు, వారి పుణ్యమును క్రోధవశులను దేవతలు హరింతురు అని ఇంద్రుడు నియమావళి వినిపింపగా, ఆశ్రయించినదానిని విడువనని భీష్మించెను. వ్యాసమహర్షి అప్పుడు ఆ కుక్కను యమధర్మరాజుగ మార్చి గండము గట్టెక్కించెను. ఎల్లవారి కుక్కలును అట్లు మాఱవు. అదియునుగాక, ధర్మరాజునకు ఆ కుక్కను అప్పగించుటకు వెనుక ఎవ్వరును మిగిలియుండలేదు, మేనల్లునకు మేముంటిమి. అదియే మా దౌర్భాగ్యము.

నాలుగైదు రాత్రులు నిద్ర పట్టక ఆలోచించితిని. వలసపోవుట మా ప్రాంతమునకు క్రొత్తయా? పాలమూరు లేబరు తట్ట మోయని ఆనకట్ట దక్షిణాపథమున వెదకిన గాని దొరకదు. గుంపుమేస్త్రీ వచ్చి బయానా యిచ్చిన మఱునాడు ఊళ్ళకూళ్ళు తాళము పెట్టుకొని పోయెడివి. బొంబాయికి వారమునకొకటిగ మొదలైన బస్సు పదేండ్లలో ముప్పదికి మించెను. వారికి పశువులు లేవా? కుక్కలు లేవా? ఎద్దులను పెబ్బేరు శనివారపు సంతలో వచ్చిన ధరకు తెగనమ్మి, తిరిగివచ్చినప్పుడు హెచ్చుధరకు కొనుక్కొనెడివారు. కరువునాడు అమ్మువాడే యుండును, వానలనాడు కొనువాడే యుండును, లాభము మధ్యనున్న బేరగాడు చూచుకొనును. కుక్క మాత్రము ముసలమ్మతో అరుగుమీద నుండెడిది. ఆమెకు కొడుకు పంపిన పైకము వచ్చినపుడు దానికి ముద్ద దొరకెడిది, రానపుడు ఇద్దఱికిని దొరకెడిది కాదు. నమ్మకమును గూర్చి ఆ ముసలమ్మను ఎవ్వడును ప్రశ్నింపలేదు, కుక్కయు ప్రశ్నింపలేదు.

ఇక ఆవు, బఱ్ఱె, గొఱ్ఱె, మేక, వీనికి మఱియొక ఏర్పాటు గలదు: పాలుకిచ్చుట. మేపలేనివాడు మేపగలవానికి అప్పగించును. పుట్టిన పిల్లలలో సగము మేపినవానికి, సగము సొంతదారునకు. పత్రము లేదు, సాక్షి లేడు. మా తాతగారి గొఱ్ఱెలు అచ్చంపేట వైపు ఒక కురుమల ఇంట పాలుకుండెడివి. ఏదేని చచ్చినచో వారు తోలు తెచ్చి వాకిట పఱచి చూపి పోయెడివారు. కెమెరా లేని కాలమున అదియే ఫోటో, ఒక తోలును మఱియొక పర్యాయము చూపుటకు వీలులేని ఫోటో. మేపువాని శ్రద్ధకు మూలమేది? భూతదయ కొంత యుండవచ్చును గాని, రేపు పుట్టబోవు పిల్లలో సగము తనదను ఎఱుకయే అసలు మూలము. మన భాషలో క్షీరమునకును వాటాకును పాలు అని ఒక్కటే మాట యుండుట యాదృచ్ఛికమని వ్యాకరణవేత్తలందురు, అననిండు. పాలున్న జీవికి పాలివాడు దొరకును. పెంపుడు కుక్క యననేమి? పాలీయదు, దున్నదు, ఉన్ని యీయదు. అమెరికా వైద్యుని చలువచేత పిల్లలనైన పెట్టదు. దానియందు యజమానికి తప్ప మఱియొకనికి పాలు లేదు. అందువలననే కాబోలు, ఇల్లు వదలి పోవువారు భూగోళమున ఏ మూలనైనను "నమ్మకమైన మనిషి"కై వెదకి వెదకి, చివరకు తాము వాటా పెట్టలేని చోట వెల పెట్టుచున్నారు.

ఆలోచన ఇచ్చటికి వచ్చుసరికి ఆ కురుమల యింటి పెద్దాయన మనసున మెదిలెను. అచ్చంపేట ఉన్నతపాఠశాలలో నేను తెలుగు పండితుడుగ నున్న కాలమున ఆయన కొడుకు నా శిష్యుడు. ఛందస్సు రాలేదు గాని మర్యాద వచ్చెను. ఎఱ్ఱని నెల్లూరు గొఱ్ఱెలు వచ్చి మా సీమలో నల్లని దక్కనీ గొఱ్ఱెలను వెనుకకు నెట్టినను, ఈయన మందలో నేటికిని నల్లవే యెక్కువ. భుజమున గొంగడియు అట్టిదే. కూపరును వెంటబెట్టుకొని పోయితిని. త్రోవలో, ఏడువందల యేండ్లదని చెప్పుకొను పాలమూరి పిల్లలమఱ్ఱికి చెదలు పట్టినపుడు 2018లో ఊడలకు సీసాలు వ్రేలాడగట్టి సెలైను ఎక్కించినట్లు మందు ఎక్కించిన సంగతి తలచుకొని, చెట్టునకు మంచము మీది రోగికి చేసినంత ఉపచారము జరిగిన సీమలో కుక్కకు చోటు దొరకదా యని నాకు నేనే ధైర్యము చెప్పుకొంటిని.

పెద్దాయన కూపరును ముందునుండియు వెనుకనుండియు పరిశీలించెను.

"ఏం పేరు సారూ?"

"కూపర్."

"కాపరా? మంచిగున్నది. గొర్లు కాస్తదా?"

"కాయదు."

"మొరుగుతదా?"

"తెలిసినవారిని చూచి మొఱుగదు. తెలియనివారిని చూచినను మొఱుగదు."

"మరి ఏం జేస్తది?"

నేను కొంతసేపు ఆలోచించి, "కరస్పర్శకు సంతోషించును" అంటిని. పండితుడనై యుండుటవలన గలుగు లాభము ఇట్టి సమయములందే తెలియును.

నెలకింత యని మేనల్లుడు చెప్పిన మొత్తమును నేను విన్నవింపగా ఆయన నొచ్చుకొనెను. "పైసలెందుకు సారూ? మీ తాతల కాంచి మా ఇంట్ల మీ గొర్లు పాలుకే ఉండె. ఇది గూడ పాలుకే ఉంచుర్రి. ఏమొస్తే అండ్ల సగం." ఏమియు రాదని, వచ్చు మార్గమును డాలసులోనే మూసివేసిరని నేను సవినయముగ మనవి చేసితిని. "మనకెర్కనా సారూ ఏమొస్తదో" అని ఆయన కూపర్ మెడపట్టీ విప్పి నా చేతికిచ్చెను. ఉపదేశపత్రమును నేను చాచగా చదువురాదని చెప్పి, మడచి గొంగడి ముడిలో పెట్టుకొనెను.

సంక్రాంతి పోయిన పిదప మేతలు తగ్గుటచేత, ఆయన ఏటేట చేయునట్లే మందను తోలుకొని కృష్ణయొడ్డునకును, నల్లమల అంచులకును వలస కదలెను. పగలు కోసిన చేలలో మేపుట, రాత్రి ఎవరో రైతు పొలమున మంద నిలిపి, ఎరువునకు గాను గింజలో పైకమో పుచ్చుకొనుట, మూడవనాడు మఱియొక పొలము. అనగా, పరదేశమునకు పోయిన యజమాని ఇంటిపట్టున నుండుటకై విడిచిన కుక్క తానే పరదేశియై పోయెను. ఈ వార్త డాలసు చేరిన రాత్రి జరిగిన గందరగోళమును వర్ణించుటకు నా శక్తి చాలదు. వీడియో కాల్ కావలెనని మేనల్లుడు. అడవిలో సిగ్నలు లేదని పెద్దాయన కొడుకు. కొలిచిన ఆహారము మాటేమని అతని యిల్లాలు. జొన్నరొట్టె తినుచున్నదని కొడుకు. కాలిలో ముల్లు దిగినచో ఏ వైద్యుడని వారు. 1962కు ఫోను చేసినచో పశువుల అంబులెన్సు వచ్చునని వీడు. అది బఱ్ఱెల బండి కాదా యని వారు. కుక్క బఱ్ఱెకన్న గొప్పదా యని వీడు. ఈ రెండు ఖండముల నడుమ దుబాసీగ నుండి నేను రెండు కిలోల బరువు తగ్గితిని.

మృగశిర కార్తెకు మంద తిరిగి వచ్చెను. బడి సెలవులకు మేనల్లుడును దిగెను. ఈ తడవ రక్తపరీక్ష, గది, పత్రములు అన్నియు సిద్ధముచేసికొనియే వచ్చెను. ఇద్దఱమును కలిసి అచ్చంపేట పోయితిమి. మంద నడుమనుండి లేచి వచ్చిన ప్రాణిని నేను మొదట గుర్తింపలేదు. పసుపువన్నె పోయి మన్నువన్నె వచ్చినది, పొట్ట పోయి ప్రక్కటెముకలు తీరుగ కనుపించుచుండెను, ఒక చెవికి చిన్న చీలిక. అది మేనల్లుని చేయి నాకి, రెండు నిముసములు తోక ఆడించి, తిరిగి పోయి మంద చివర నిలుచుండెను. మనవాని ముఖము చూడలేకపోతిమి.

పెద్దాయన చెప్పిన వృత్తాంతమిది. ఈ కుక్క తోడేలును చూచి మొఱుగలేదు, తోక ఆడించినది. ఆ పని మిగిలిన కుక్కలు చూచుకొనెను. అయితే మాఘమాసపు చలిలో, ఏటి గాలికి, ఈనిన నాటి పిల్లలు ఏటేట నాలుగైదు బిఱ్ఱబిగిసి పోవుచుండెడివి. ఈ యేడు అవి దీని పొట్టకు ఆనుకొని పండుకొనెడివి, ఇది కదలక తెల్లవాఱుదాక పడియుండెడిది. కదలక యుండుట ఎక్కడ నేర్చినదో ఆయనకు తెలియదు. నాకు తెలియును, హైదరాబాదు కెమెరా ముందర. ఒక్క పిల్లయు పోలేదు.

"నాలుగు పిల్లలు దీనివల్లనే బతికినయ్ సారూ. పాలు లెక్క పాలు లెక్కనే. రెండు మాయి, రెండు మీయి" అని, ఆయన రెండు నల్లని గొఱ్ఱెపిల్లలను తెచ్చి మేనల్లుని రెండు చంకలలో పెట్టెను.

వలదనుట మర్యాద గాదు, పుచ్చుకొనుట సాధ్యము గాదు. పదునాల్గవ నాటికి డాలసు విమానమున్నది. మనవాడు ఆ రెంటిని ఎత్తుకొని, కొంతసేపు ఆకాశమును, కొంతసేపు నన్నును చూచి, "మామా, వీటిని చూసుకోవడానికి ఎవరైనా నమ్మకమైన..." అని ఆరంభించెను. నేను మా యావిడకు ఫోను చేయుటకై సిగ్నలు వెదకుచు దూరముగ నడచితిని. వెనుదిరిగి చూచునప్పటికి పెద్దాయన గొంగడి ముడి విప్పి, భద్రముగ దాచిన ఉపదేశపత్రమును యజమానికి తిరిగి యిచ్చుచుండెను. కుడిచంకలోని పిల్ల మెడ చాచి, నిద్రకు ముందు ఐదు నిముసములు మాటాడవలెనను పుటను నమలుచుండెను.